నల్లగొండ ఓటు కథ

ఒక్కటే సీటు. దాని కోసం 480 మంది పోటీ. ఓటు కాగితం ఒక పుస్తకం అంత.

ఇది కట్టుకథ కాదు. 1996లో నల్లగొండ పార్లమెంటు ఎన్నికలో నిజంగా జరిగింది.

అంతమంది ఎందుకు నిలబడ్డారు? పదవి మీద ఆశతోనా? కాదు. తాగే నీళ్ళ కోసం. ఆ సంగతి బాగా తెలియాలంటే నల్లగొండ ఓటు కథ మొదటి నుంచీ చదవాలి. ఆ కథలో గెలిచినవాళ్ళు, ఓడినవాళ్ళు ఉన్నారు. బిందె పట్టుకుని నీళ్ళ కోసం నడిచిన ఆడవాళ్ళు కూడా ఉన్నారు.

నియోజకవర్గం అంటే ఏమిటి?

మన దేశంలో చట్టాలు చేసే పెద్ద సభ పార్లమెంటు. అది ఢిల్లీలో ఉంది. అందులో ప్రజలు ఓటు వేసి పంపే సభ పేరు లోక్‌సభ. దేశంలోని ఊళ్ళన్నీ ఒకేసారి ఒక మనిషిని పంపలేవు కదా! అందుకని దేశాన్ని భాగాలు చేశారు. ఒక్కో భాగం నుంచి ఒక్కో సభ్యుణ్ణి పంపుతారు. ఆ భాగమే పార్లమెంటు నియోజకవర్గం.

నల్లగొండ అలాంటి ఒక నియోజకవర్గం. ఇది తెలంగాణలో ఉంది. ఎక్కువ మంది పల్లెల్లో ఉంటారు. వ్యవసాయం చేస్తారు. కూలికి పోతారు.

నియోజకవర్గం హద్దులు ఎప్పుడూ ఒకేలా ఉండవు. జనం పెరిగిన కొద్దీ హద్దులు మారుస్తారు. 2009 ఎన్నికకు ముందు అలాగే మార్చారు. మిర్యాలగూడ అనే పార్లమెంటు నియోజకవర్గం పోయింది. భువనగిరి అనే కొత్తది వచ్చింది. అప్పుడు నల్లగొండ కిందికి ఏడు అసెంబ్లీ స్థానాలు వచ్చాయి. అవి దేవరకొండ, నాగార్జునసాగర్, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ, సూర్యాపేట, నల్లగొండ.

పెట్టెల్లో వేసిన ఓటు

నల్లగొండ ఒకప్పుడు నిజాం రాజ్యంలో ఉండేది. అప్పుడు పల్లెల్లో దొరల పెత్తనం ఉండేది. పేదలు వెట్టి చాకిరీ చేసేవాళ్ళు. వెట్టి అంటే కూలి ఇవ్వకుండా చేయించుకునే పని. దాని మీద రైతులు, కూలీలు తిరగబడ్డారు. ఆడవాళ్ళు కూడా పోరాటంలోకి దిగారు. 1948 సెప్టెంబరులో నిజాం పాలన పోయింది.

ఆ తరువాత దేశమంతటా మొదటి సాధారణ ఎన్నికలు వచ్చాయి. 1951 అక్టోబరులో మొదలై 1952 ఫిబ్రవరి దాకా జరిగాయి. ఉన్నవాడికీ, లేనివాడికీ ఒక్కటే ఓటు. మగవాళ్ళకూ, ఆడవాళ్ళకూ ఒక్కటే ఓటు. 21 ఏళ్ళు నిండితే చాలు.

కానీ అప్పుడు చదవడం వచ్చినవాళ్ళు చాలా తక్కువ. మరి ఓటు ఎలా వేశారు?

ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టారు. పెట్టె మీద అతని గుర్తు అంటించారు. గుర్తు చూసి, నచ్చిన పెట్టెలో కాగితం వేయాలి. కాగితం మీద ముద్ర వేసే పని లేదు. పేరు చదివే పని లేదు. ఎన్నికల గుర్తులు అలా వచ్చాయి. చదువు రానివాళ్ళు కూడా తమ మనిషిని పోల్చుకోవాలనే గుర్తులు పెట్టారు.

అప్పుడు కొన్ని పెద్ద నియోజకవర్గాల నుంచి ఇద్దరు సభ్యులను పంపేవాళ్ళు. నల్లగొండ కూడా అలాంటిదే. అక్కడ ఒక్కో ఓటరుకు రెండు ఓట్లు.

ఆ ఎన్నికలో రావి నారాయణరెడ్డి నిలబడ్డారు. ఆయన భువనగిరి దగ్గర బొల్లేపల్లి ఊరివారు. భూమి ఉన్న ఇంట్లో పుట్టారు. తన భూమిని పేదలకు పంచారు. కమ్యూనిస్టు నాయకుడు. అప్పుడు హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంది. అందుకని పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ అనే పేరుతో పోటీ చేశారు.

ఆయనకు 3,09,162 ఓట్లు పడ్డాయి. ఆ ఎన్నికలో ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూకు ఆయన నియోజకవర్గంలో పడ్డవి 2,33,571 ఓట్లు. అంటే ప్రధానమంత్రి కంటే నల్లగొండ నాయకుడికే ఎక్కువ ఓట్లు పడ్డాయి. నిన్నటి దాకా దొర ముందు తలెత్తి మాట్లాడలేని జనం వేసిన ఓట్లు అవి.

పేరు చెప్పని ఆడవాళ్ళు

ఆ మొదటి ఎన్నికలోనే దేశంలో ఇంకొక సంగతి జరిగింది. ఆడవాళ్ళు అందరూ దీన్ని గుర్తు పెట్టుకోవాలి.

ఓటర్ల పేర్లు రాసుకోవడానికి ఇంటింటికీ మనుషులు వచ్చారు. చాలామంది ఆడవాళ్ళు పేరు చెప్పలేదు. "ఫలానా వాని పెండ్లాన్ని" అన్నారు. "ఫలానా వాని తల్లిని" అన్నారు. ఎక్కువగా ఉత్తరాది రాష్ట్రాల్లో ఇలా జరిగింది. సొంత పేరు లేకుండా ఓటు ఇవ్వలేమని ఎన్నికల సంఘం అన్నది. చివరికి దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ళ పేర్లు జాబితాలో లేకుండా పోయాయి.

28 లక్షల ఓట్లు! పేరు చెప్పనందుకే పోయాయి.

సొంత పేరు చెప్పడం, సొంత పేరు రాయడం చిన్న పని అనుకోకూడదు. పేరుతోనే ఓటు వస్తుంది.

మరి తెలంగాణలో? అదే 1952లో ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి అసెంబ్లీకి గెలిచారు. పోరాటంలో పాల్గొన్న మరో ఆడమనిషి మల్లు స్వరాజ్యం. ఆమె 1978లో, మళ్ళీ 1983లో తుంగతుర్తి నుంచి అసెంబ్లీకి గెలిచారు. ఇద్దరూ నల్లగొండ జిల్లా ఆడబిడ్డలే.

ఎవరు గెలిచారు?

1957లో కూడా పెట్టెల్లోనే ఓట్లు వేశారు. 1962 నాటికి పద్ధతి మారింది. అందరి పేర్లు, అందరి గుర్తులు ఒకే కాగితం మీద అచ్చు వేశారు. నచ్చిన గుర్తు మీద ముద్ర వేసి, కాగితం మడిచి, ఒకే పెట్టెలో వేయాలి. అప్పటికి నల్లగొండకు ఒకే సభ్యుడు.

తరువాత నల్లగొండలో గెలిచినవాళ్ళు వీళ్ళు:

1962 – రావి నారాయణరెడ్డి, సి.పి.ఐ.
1967 – మహమ్మద్ యూనస్ సలీం, కాంగ్రెస్
1971 – కంచర్ల రామకృష్ణారెడ్డి, తెలంగాణ ప్రజా సమితి
1977 – అబ్దుల్ లతీఫ్, కాంగ్రెస్
1980 – టి. దామోదర్‌రెడ్డి, కాంగ్రెస్
1984 – ఎం. రఘుమారెడ్డి, తెలుగుదేశం
1989 – చకిలం శ్రీనివాసరావు, కాంగ్రెస్
1991 – బొమ్మగాని ధర్మభిక్షం, సి.పి.ఐ.

ఈ పట్టిక ఒకసారి మళ్ళీ చదవండి. ఏం కనిపిస్తుంది?

నల్లగొండ జనం ఒకే పార్టీని పట్టుకుని కూచోలేదు. 1969లో ప్రత్యేక తెలంగాణ కోసం పెద్ద ఉద్యమం జరిగింది. 1971లో ఆ ఉద్యమ పార్టీని గెలిపించారు. 1983లో రాష్ట్రంలో తెలుగుదేశం వచ్చింది. 1984లో ఆ పార్టీ మనిషిని ఢిల్లీకి పంపారు. మళ్ళీ మార్చారు. మళ్ళీ మార్చారు.

మనుషులు మారారు. జెండాలు మారాయి. కానీ ఒక బాధ మాత్రం మారలేదు. అదే నీళ్ళ బాధ.

నీళ్ళలో విషం

నల్లగొండ జిల్లాలో పడమటి వైపు ఊళ్ళు చాలా ఉన్నాయి. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు ఊళ్ళు అవి. అక్కడ భూమి ఎత్తుగా ఉంటుంది. వానలు తక్కువ. చెరువు ఎండితే బాయి, బాయి ఎండితే బోరు.

ఆ బోరు నీళ్ళు చూడడానికి తేటగానే ఉంటాయి. వాసన ఉండదు. కానీ అందులో ఫ్లోరైడ్ ఉంటుంది. భూమి లోపలి రాళ్ళ నుంచి అది నీళ్ళలోకి దిగుతుంది.

లీటరు నీళ్ళలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్ళు దొరకని చోట ఒకటిన్నర మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంటారు. అది దాటిన నీళ్ళను ఏళ్ళ తరబడి తాగితే రోగం వస్తుంది. ఆ రోగం పేరు ఫ్లోరోసిస్.

ముందు పిల్లల పళ్ళ మీద పసుపు మరకలు, గోధుమ రంగు మరకలు వస్తాయి. తోమితే పోవు. తరువాత కీళ్ళు నొస్తాయి. మెడ తిరగదు. నడుము వంగిపోతుంది. కాళ్ళు వంకర పోతాయి. ముప్పై, నలభై ఏళ్ళకే ముసలివాళ్ళలా అవుతారు. వంగిన ఎముక మందుతో మళ్ళీ చక్కబడదు.

ఒక మాట గుర్తు పెట్టుకోండి. నీళ్ళు కాచితే పురుగులు చస్తాయి. కానీ ఫ్లోరైడ్ పోదు. కాచే కొద్దీ నీళ్ళు తగ్గుతాయి. ఫ్లోరైడ్ అంతే ఉంటుంది. అంటే నీళ్ళు ఇంకా చిక్కనవుతాయి.

ఫ్లోరైడ్ తీయడానికి నాగపూర్‌లోని శాస్త్రవేత్తలు 1970లలో ఒక పద్ధతి కనిపెట్టారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి సరైన కొలతలో కలపాలి. బాగా తిప్పాలి. మడ్డి అడుగుకు దిగాక పైనీళ్ళు తీసుకోవాలి. ఆ పద్ధతికి పేరేమిటో తెలుసా? "నల్లగొండ పద్ధతి." నల్లగొండ పేరు పుస్తకాల్లోకి అలా ఎక్కింది. కానీ ఊరూరా రోజూ అలా చేయడం తేలిక కాదు. కొలత తెలిసినవాళ్ళు ఉండాలి. మందు సమయానికి రావాలి. మడ్డిని దూరంగా పారబోయాలి. అసలైన మార్గం ఒక్కటే. మంచి నది నీళ్ళు ఊరికి తేవాలి.

నది దూరంగా ఉందా? లేదు. కృష్ణా నది ఆ జిల్లా పక్కనుంచే పోతుంది. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న పునాది రాయి వేశారు. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పొలాలు పచ్చబడ్డాయి. కానీ పడమటి ఎత్తు ఊళ్ళకు ఆ నీళ్ళు ఎక్కలేదు. ఒకే జిల్లాలో ఒక వైపు వరి. ఇంకో వైపు వంగిన నడుములు.

ఈ బాధ ఎక్కువగా ఎవరి మీద పడింది? ఆడవాళ్ళ మీద. నీళ్ళు మోసింది వాళ్ళే. నడుము వంగిన మామకు, కాలు వంకర పోయిన బిడ్డకు చాకిరీ చేసింది వాళ్ళే. తమ నడుము నొస్తున్నా పనికి పోయింది వాళ్ళే.

480 మంది నిలబడ్డారు

నీళ్ళ కోసం జనం అర్జీలు పెట్టారు. ధర్నాలు చేశారు. జల సాధన సమితి అనే సంఘం ఊళ్ళు తిరిగి జనాన్ని కూడగట్టింది. దుశర్ల సత్యనారాయణ దానికి నాయకుడు. కృష్ణా నీళ్ళు పడమటి ఊళ్ళకు రావాలని ఆ సంఘం అడిగింది. తాగడానికీ కావాలి, పంటకూ కావాలి అన్నది.

అడిగి అడిగి అలసిపోయారు. 1996లో పార్లమెంటు ఎన్నిక వచ్చింది. అప్పుడు ఒక ఆలోచన చేశారు. "మన బాధ ఢిల్లీకి వినబడాలి. వందల మందిమి నామినేషన్ వేద్దాం" అనుకున్నారు.

నామినేషన్ అంటే "నేను పోటీ చేస్తున్నాను" అని రాసి ఇచ్చే కాగితం. దానితో పాటు కొంత డబ్బు కట్టాలి. దాన్ని డిపాజిట్ అంటారు. అప్పుడు పార్లమెంటుకు డిపాజిట్ 500 రూపాయలు. ఎస్.సి., ఎస్.టి. వారికి 250 రూపాయలు. లెక్కలోకి వచ్చిన ఓట్లలో ఆరో వంతు కంటే ఎక్కువ రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు.

ఆ సంగతి తెలిసే నామినేషన్లు వేశారు. చివరికి పోటీలో 480 మంది మిగిలారు.

అధికారులకు తల తిరిగింది. ఇంతమందికి ఇన్ని గుర్తులు ఎక్కడ తేవాలి? ఇన్ని పేర్లు ఒక కాగితం మీద ఎలా పడతాయి? ఎన్నిక వాయిదా వేయాల్సి వచ్చింది. ఓటు కాగితాన్ని పుస్తకంలా కుట్టి అచ్చు వేశారు.

ఓటు వేసి ఇంటికి పోతున్న ఒక అత్తను, ఒక కోడలిని ఊహించుకోండి.

"ఏందే బిడ్డా, గది ఓటా, పుస్తకమా?"

"పుస్తకమే అత్తమ్మా. పేజీలు తిప్పి తిప్పి మన గుర్తు ఎతుక్కున్న. నాకు నాలుగు అచ్చరాలు వొచ్చినందుకు దొరికింది."

"నాకు అచ్చరాలు రావు గద. గుర్తు కనబడేదాకా తిప్పుకుంటనే ఉన్న. ఎనక లైన్ల ఉన్నోళ్ళు లొల్లి చేసిండ్రు."

"ఇంతమంది నిలబడితే ఏం లాభం అత్తమ్మా? గెలిచేది ఒక్కడే గద."

"గెలుసుడు కోసం కాదు బిడ్డా. మన నీళ్ళ గోస ఢిల్లీకి ఎరుకైతే సాలు."

నిజంగానే ఎరుకైంది. దేశమంతటా పేపర్లు రాశాయి. "నల్లగొండలో 480 మంది ఎందుకు నిలబడ్డారు?" అని జనం అడిగారు. జవాబు ఒక్కటే. నీళ్ళు.

ఓట్లు లెక్కబెట్టారు. మళ్ళీ సి.పి.ఐ. అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షమే గెలిచారు. 480 మందిలో 477 మందికి డిపాజిట్ పోయింది.

ఆ తరువాత రూల్సు మారాయి

అదే 1996లో చట్టం మార్చారు. పార్లమెంటు డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000 రూపాయలకు పెంచారు. ఎస్.సి., ఎస్.టి. వారికి 5,000 రూపాయలు చేశారు. ఏ పార్టీ లేకుండా నిలబడేవాళ్ళను పదిమంది ఓటర్లు సంతకం పెట్టి బలపరచాలి అన్నారు.

1996లో దేశమంతటా 13,952 మంది పార్లమెంటుకు పోటీ చేశారు. 1998లో 4,750 మందే పోటీ చేశారు. రూల్సు ఎంత పని చేశాయో ఈ లెక్కలోనే ఉంది.

2010 నుంచి డిపాజిట్ 25,000 రూపాయలు అయింది. ఎస్.సి., ఎస్.టి. వారికి అందులో సగం.

దీన్ని రెండు వైపుల నుంచి చూడాలి. ఓటు కాగితం పుస్తకం అయితే ఓటరుకు కష్టం. ముఖ్యంగా చదువు రాని ఓటరుకు మరీ కష్టం. అది ఒక వైపు. డిపాజిట్ పెరిగితే పేదవాళ్ళు నిలబడడం కష్టం. కూలి చేసుకునే ఒక ఆడమనిషి 25,000 ఎక్కడి నుంచి తేవాలి? ఇది రెండో వైపు. రెండూ నిజమే.

నీళ్ళు ఎప్పుడు వచ్చాయి?

నీళ్ళు వెంటనే రాలేదు. మెల్లగా వచ్చాయి.

నాగార్జునసాగర్ జలాశయం పక్కన పుట్టంగండి దగ్గర పెద్ద మోటార్లు పెట్టారు. కృష్ణా నీళ్ళను ఎత్తి పోశారు. ఆ పథకానికి ఎలిమినేటి మాధవరెడ్డి పేరు పెట్టారు. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. 2015లో ఇంటింటికీ నల్లా నీళ్ళు ఇచ్చే పథకం మొదలైంది. దాని పేరు మిషన్ భగీరథ. దాని పైలాన్ చౌటుప్పల్‌లో నిలబెట్టారు. అది ఫ్లోరైడ్ బాధ పడ్డ ప్రాంతమే. తరువాత పైపుల్లో నది నీళ్ళు ఊళ్ళకు వచ్చాయి.

శ్రీశైలం ఎడమ గట్టు నుంచి కొండల కింద సొరంగం తవ్వి నీళ్ళు తేవాలనే పని కూడా ఎన్నో ఏళ్ళు సాగింది. 2025 ఫిబ్రవరి 22న ఆ సొరంగం పైకప్పు కూలింది. ఎనిమిది మంది పనివాళ్ళు లోపల చిక్కుకుపోయారు. ఒక్కరూ ప్రాణాలతో బయటికి రాలేదు. నీళ్ళు తెచ్చే పనిలో ఎవరెవరి చెమట, ఎవరెవరి ప్రాణం ఉందో మరచిపోకూడదు.

నల్లా వచ్చింది కాబట్టి కొత్తగా పుట్టే బిడ్డల పళ్ళు, ఎముకలు మంచిగా ఉండే వీలు వచ్చింది. కానీ నల్లా ఆగిన రోజున మళ్ళీ బోరు దగ్గరికి పోతే పాత విషమే దొరుకుతుంది. అందుకే నల్లా ఆగితే వెంటనే పంచాయతీకి చెప్పాలి. నీళ్ళు పరీక్ష చేయించమని అడగాలి. అలా అడగడం మన హక్కు.

ఈ కథలో ఒక సంగతి గట్టిగా కనిపిస్తుంది. ఓటు ఒక్కటే నీళ్ళు తేలేదు. ఎన్నిసార్లు ఓటు వేసినా, ఎన్ని పార్టీలు మార్చినా నీళ్ళు రాలేదు. ఓటు వేశాక కూడా అడగడం మానలేదు కాబట్టి వచ్చాయి. ఓటు ఐదేళ్ళకు ఒకసారి. అడగడం రోజూ.

తరువాతి ఎన్నికలు

1998 – సురవరం సుధాకర్‌రెడ్డి, సి.పి.ఐ.
1999 – గుత్తా సుఖేందర్‌రెడ్డి, తెలుగుదేశం
2004 – సురవరం సుధాకర్‌రెడ్డి, సి.పి.ఐ.
2009 – గుత్తా సుఖేందర్‌రెడ్డి, కాంగ్రెస్
2014 – గుత్తా సుఖేందర్‌రెడ్డి, కాంగ్రెస్
2019 – ఉత్తమ్‌కుమార్‌రెడ్డి, కాంగ్రెస్
2024 – కుందూరు రఘువీర్‌రెడ్డి, కాంగ్రెస్

2024లో గెలిచిన అభ్యర్థికి రెండో అభ్యర్థి కంటే 5 లక్షల 59 వేలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చాయి.

ఈ మధ్యలో ఓటు వేసే పద్ధతి కూడా మారింది. 1989 ఎన్నిక నుంచి 18 ఏళ్ళు నిండినవారికి ఓటు వచ్చింది. 2004లో దేశమంతటా కాగితం పోయి యంత్రం వచ్చింది. గుర్తు పక్కన మీట నొక్కితే చాలు. 2013 నుంచి "ఎవరికీ కాదు" అనే మీట కూడా పెట్టారు. దాన్నే నోటా అంటారు. 2019లో అన్ని చోట్లా యంత్రం పక్కన ఇంకొక పెట్టె పెట్టారు. మీట నొక్కగానే అందులో చీటీ కనిపిస్తుంది. ఏడు సెకన్లు ఉంటుంది. మీ ఓటు ఎవరికి పడిందో చూసుకోవచ్చు. ఇంకొకరికి కనిపించదు.

రెండు పట్టికలూ మరోసారి చూడండి. 1962 నుంచి 2024 దాకా ఎంతమంది ఆడవాళ్ళు గెలిచారు? ఒక్కరూ లేరు. 1952లో, 1957లో కూడా లేరు. ఓటర్లలో దాదాపు సగం మంది ఆడవాళ్ళే. నీళ్ళు మోసింది ఆడవాళ్ళే. ఢిల్లీకి మాత్రం ఒక్క ఆడమనిషి కూడా నల్లగొండ నుంచి పోలేదు.

పంచాయతీలలో మాత్రం మార్పు వచ్చింది. 1992లో రాజ్యాంగాన్ని మార్చి ఆడవాళ్ళకు మూడో వంతు సీట్లు ఇచ్చారు. తెలంగాణలో పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్ళకు ఉన్నాయి. లోక్‌సభలో, అసెంబ్లీల్లో కూడా మూడో వంతు సీట్లు ఆడవాళ్ళకు ఇవ్వాలని 2023 సెప్టెంబరులో పార్లమెంటు ఒప్పుకుంది. జనాభా లెక్కలు తీసి, హద్దులు మార్చిన తరువాత అమలు చేయాలని అందులో రాశారు.

మీరు చేయవలసిన పనులు

1. ఓటర్ల జాబితాలో మీ పేరు ఉందో లేదో మీరే చదివి చూసుకోండి. మీ ఊరి బూత్ అధికారిని అడిగితే చూపిస్తారు.
2. పేరు లేకపోతే 6వ నంబరు ఫారం నింపి ఇవ్వండి. పేరు తప్పుగా ఉంటే 8వ నంబరు ఫారం ఇవ్వండి.
3. ఇంట్లో 18 ఏళ్ళు నిండిన ఆడపిల్ల ఉంటే పేరు ఎక్కించండి. పెళ్ళయి ఊరు మారిన కోడలి పేరు కొత్త ఊళ్ళో రాయించండి.
4. పేరు రాసుకోవడానికి వస్తే మీ పేరు మీరే చెప్పండి.
5. ఓట్లు అడగడానికి వచ్చినవాళ్ళను ప్రశ్న అడగండి. "పోయినసారి చెప్పిన పని ఏమయింది?" అనండి.
6. ఓటుకు డబ్బు ఇస్తే తీసుకోకండి. డబ్బు తీసుకున్నవాళ్ళు మళ్ళీ నీళ్ళు అడగలేరు.

కొత్త మాటలు

నియోజకవర్గం – ఒక సభ్యుణ్ణి ఎన్నుకునే ప్రాంతం
అభ్యర్థి – ఎన్నికలో పోటీ చేసే మనిషి
నామినేషన్ – పోటీ చేస్తానని ఇచ్చే కాగితం
డిపాజిట్ – పోటీ చేసేవాళ్ళు ముందుగా కట్టే డబ్బు
ఫ్లోరోసిస్ – ఫ్లోరైడ్ ఎక్కువైన నీళ్ళ వల్ల వచ్చే రోగం

లెక్క చేయండి

1952లో రావి నారాయణరెడ్డికి 3,09,162 ఓట్లు వచ్చాయి. నెహ్రూకు 2,33,571 ఓట్లు వచ్చాయి. తేడా ఎంత?

ఒక ఎన్నికలో 6,000 ఓట్లు లెక్కలోకి వచ్చాయి. డిపాజిట్ దక్కాలంటే ఎన్ని ఓట్లు దాటాలి?

మాట్లాడుకోండి

480 మంది నిలబడడం మంచి పనేనా? మీరైతే ఏం చేసేవాళ్ళు?
మీ ఊళ్ళో తాగే నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి? వాటిని ఎప్పుడైనా పరీక్ష చేశారా?
నల్లగొండ నుంచి ఒక ఆడమనిషి ఢిల్లీకి పోతే ముందుగా ఏ మాట అడగాలి?

రాయండి

మీ పేరు, మీ ఊరి పేరు, మీ మండలం పేరు, మీ పార్లమెంటు నియోజకవర్గం పేరు రాయండి. మీ ఊరికి ముందుగా కావలసిన పని ఒకటి రాయండి. కింద మీ సంతకం పెట్టండి. అదే మీ మొదటి అర్జీ.